మీ అత్తగారి మొక్కు ఏమిటో అడిగారా?

ప్రశ్న:

మేడమ్‌గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా అమెరికాలో ఉంటున్నాను, ఇప్పుడు కాలిఫోర్నియాలోని డేలీ సిటీలో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఆయనది ఫిలిప్పీన్స్. పదిహేనేళ్ల వయసులో వాళ్లమ్మతో కలిసి ఇక్కడికి వచ్చారు. మాది ప్రేమ పెళ్లి, మూడున్నరేళ్ల పాప ఉంది. అత్తగారు మాతోనే ఉంటారు.

ఆవిడకు 66 ఏళ్లు. నర్సు. ఇప్పటికీ వారానికి మూడు రాత్రులు, పన్నెండేసి గంటలు ఆస్పత్రిలో డ్యూటీ చేస్తారు. ఎవరైనా రాకపోతే నాలుగో రాత్రికి కూడా సరే అంటారు. వాళ్లది ఇలోయిలో వైపు రైతు కుటుంబం. నర్సింగ్ చదివించడానికి గేదెను అమ్మారట, పెద్ద తమ్ముడు బడి మానేసి పొలంలో దిగాడట. 1990లో రియాద్ ఆస్పత్రికి వెళ్లి, అక్కణ్ణుంచి 2001లో అమెరికా వచ్చారు. రియాద్‌లో ఉన్న పదకొండేళ్లూ మా ఆయన అమ్మమ్మ దగ్గర పెరిగారు. మామగారు 1998లో పోయారు.

ఆవిడ నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. నా పురుడప్పుడు మా అమ్మకి వీసా రాకపోతే మునగాకు వేసి కోడి పులుసు చేసి పెట్టి, నెల రోజులు సెలవు పెట్టి నన్ను చూసుకున్నారు. కానీ ఇప్పుడు మోకాళ్లు పనిచేయడం లేదు. పోయిన నెల డ్యూటీ దిగి వస్తూ పార్కింగ్‌లో తూలి పడ్డారు. పని మానేయమంటే నవ్వి 'బహాలా నా' అంటారు. నెలకు 700 డాలర్లు ఆ తమ్ముడి పిల్లల చదువుకి పంపుతారు. మా హాల్లో ఒక మూల ఎప్పుడూ పెద్ద అట్టపెట్టె ఉంటుంది. సబ్బులు, టిన్నులు, తువ్వాళ్లు, చాక్లెట్లు కొంటూ దాన్ని నింపుతుంటారు. తన కాళ్లకి మాత్రం అరిగిపోయిన బూట్లే. పొద్దున డ్యూటీ అయ్యాక నిద్రపోకుండా నేరుగా చర్చికి వెళ్తారు. గదిలో బాలయేసు విగ్రహం, దాని పక్కన ఎవరో ఇద్దరు ఆడవాళ్ల ఫొటోలు. ఎవరని అడిగితే 'కలిసి పనిచేశాం' అన్నారు, అంతే. పాపకి ప్రార్థనలు నేర్పుతున్నారు, బాప్టిజం ఎప్పుడని అడుగుతున్నారు.

మా ఆయనకి ఆవిడ మీద కోపం. 'దేవుడికి టైముంది, ఆస్పత్రికి టైముంది, తమ్ముళ్లకి టైముంది, నాకే లేదు' అంటారు. మొన్న 'పని మానకపోతే వేరే ఇల్లు చూసుకో' అనేశారు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఆ రాత్రి డ్యూటీకి వెళ్లిపోయారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. మధ్యలో నేనేం చేయాలి?

ఒక కోడలు, డేలీ సిటీ

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక వాక్యం కింద పెన్నుతో గీత పెట్టుకున్నాను. 'గేదెను అమ్మారట, పెద్ద తమ్ముడు బడి మానేసి పొలంలో దిగాడట.' మీరు ఆ మాట పరిచయంలో ఒక ముక్కగా రాసి ముందుకి వెళ్లిపోయారు. మీరడిగినదానికి జవాబు చాలావరకు అందులోనే ఉంది.

నేను గుంటూరులో నర్సింగ్ చదివి, కువైట్‌లో పదకొండేళ్లు, న్యూజెర్సీలో ఇరవై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రెండు చోట్లా నా ఎడమ పక్కన మలయాళీ నర్సు ఉంటే కుడి పక్కన ఫిలిప్పీన్స్ నర్సు ఉండేది. వాళ్లతో తిన్నాను, వాళ్లతో రాత్రుళ్లు మేలుకున్నాను, వాళ్ల ఇళ్లలో చావులకీ పెళ్లిళ్లకీ వెళ్లాను. మీ అత్తగారిని చూడకపోయినా, అలాంటి మనిషి నాకు బాగా తెలుసు. అందుకే కొంచెం చనువు తీసుకుని రాస్తున్నాను.

ముందు 'పనాతా' అనే మాట గురించి చెప్పాలి. మీ ఇంట్లో ఈపాటికి వినే ఉంటారు. దానికి మన భాషలో అతికినట్టు సరిపోయే మాట ఉంది: మొక్కు. మనవాళ్లు పిల్లాడికి జ్వరం తగ్గితే కొండకి నడిచి వస్తామని మొక్కుకుంటారు. తండ్రి తీర్చకుండా పోతే కొడుకు తీరుస్తాడు. బాకీలా చూస్తారు తప్ప బేరంలా చూడరు. ఫిలిప్పీన్స్‌లోనూ అంతే. మనీలాలో ఏటా జనవరి 9న నల్ల యేసు విగ్రహాన్ని ఊరేగిస్తారు. ఆ రథం లాగే తాడు పట్టుకోవడానికి లక్షల మంది చెప్పుల్లేకుండా వస్తారు. తండ్రి మొక్కు తీర్చడానికి కొడుకు వచ్చిన ఇళ్లు అందులో ఎన్నో.

కువైట్‌లో నాతో పనిచేసిన పెద్దావిడ ఒకరు ఉండేవారు. మేమంతా 'ఆతె' అనేవాళ్లం. అంటే అక్క. ఆవిడకి ప్రతి బుధవారం నిత్య సహాయమాత నవదిన ప్రార్థన తప్పకూడదు. మనీలా దగ్గర బక్లారన్ గుడిలో 1948 నుంచి బుధవారం బుధవారం జరిగే ప్రార్థన అది. ఆవిడ అక్కడ నిలబడి, నర్సింగ్ బోర్డు పరీక్ష పాసైతే చెల్లెళ్లనీ తమ్ముళ్లనీ చదివిస్తానని మాట ఇచ్చింది. ముగ్గుర్ని చదివించింది. తర్వాత వాళ్ల పిల్లల పేర్లు ఆ జాబితాలో చేరాయి. ముగ్గురు ఏడుగురయ్యారు. ఒకరోజు టీ తాగుతూ 'అక్కా, ఇది ఎప్పుడు అవుతుంది?' అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, 'ఆ మాట నన్నెవరూ అడగలేదు' అంది. ఇరవై ఏళ్లుగా డబ్బు పంపుతున్న మనిషి ఆవిడ. ఇంటినుంచి 'ఎంత పంపుతావు' అన్నారు, 'ఎందుకు పంపుతావు' అన్నారు. ఎక్కడ ఆపుకోవచ్చో ప్రేమగా అడిగినవాళ్లు లేరు.

మీరు అత్తగారిని అడగాల్సింది అదే. 'ఎప్పుడు మానేస్తారు' అనకండి. ఆ ప్రశ్న వినగానే ఆవిడకి తమ్ముడి ముఖం కనబడుతుంది. తను తెల్ల యూనిఫాం వేసుకున్న రోజున అతను మోకాలి లోతు బురదలో ఉన్నాడు. వాళ్ల భాషలో దీన్ని 'ఉతాంగ్ నా లోఓబ్' అంటారు, మనసు లోపలి అప్పు అని. చెక్కు రాసి తీర్చే అప్పు కాదది. మనం రుణానుబంధం అనే మాట వాడతాం కదా, దానికి దగ్గర. నెలకు 700 డాలర్లు ఆవిడ దానం చేస్తున్నానని అనుకోవడం లేదు. వాయిదా కడుతున్నానని అనుకుంటోంది. అందుకని ఇలా అడగండి: 'నానయ్ (అమ్మా), మీరు బయల్దేరిన రోజున ఏం మొక్కుకున్నారు? అందులో ఇంకా ఏం మిగిలింది?' పక్కన కూర్చుని, చేతిలో ఫోన్ లేకుండా అడగండి. ఆవిడ వెంటనే చెప్పకపోవచ్చు. రెండు మూడు వారాలు పట్టినా పట్టవచ్చు.

చెప్పాక ఆ పేర్లు కాగితం మీద రాయించండి. ఇప్పుడు చదువుతున్న మేనకోడలు ఎవరు, మేనల్లుడు ఎవరు, ఎవరి చదువు ఏ సంవత్సరం అయిపోతుంది. కాగితం మీద ఏడాది కనిపిస్తే మొక్కుకి ఒక చివర కనిపిస్తుంది. పంపే డబ్బు ఆపించకండి. ఎవరికి ఎంత, ఎప్పటివరకు అన్నది తేలితే చాలు. కొత్త పేరు చేర్చాలంటే ముందు ఇంట్లో మాట్లాడాలి అన్న కట్టుబాటు ఒక్కటి పెట్టుకోండి.

ఒకవేళ ఆవిడ 'దేవుడికి మాటిచ్చాను, ఓపిక ఉన్నంతకాలం చేస్తాను' అంటే ఏం చేయాలి? అప్పుడు మీరు వాదించకండి, మీ ఆయన్ని అసలు వాదించనివ్వకండి. ఆవిడ వెళ్లే చర్చి ఫాదర్‌గారి దగ్గరికి వెళ్లండి. ఇది చాలామంది భక్తులకే తెలియదు: ఒక మనిషి తనంతట తాను పెట్టుకున్న మొక్కుని విచారణ గురువు సడలించవచ్చు, తేలికైన ఇంకో దానికి మార్చవచ్చు. క్యాథలిక్ ధర్మశాస్త్రంలోనే ఆ వీలుంది. కొడుకు 'మానెయ్' అంటే అది ఆవిడకి ఆజ్ఞలా వినిపిస్తుంది. ఫాదర్‌గారు 'మీ మొక్కు తీరింది తల్లీ, మిగతాది ఓపికని బట్టి చేయండి' అంటే భుజాల మీద బరువు దిగుతుంది. మా ఆతె విషయంలో అలాగే జరిగింది. ఏడుగురిలో ఇద్దరిని ఆవిడ చెల్లెలు తీసుకుంది.

'బహాలా నా' మాటకి మీరు నొచ్చుకోకండి. ఏదైతే అదవుతుంది అనే నిర్లక్ష్యంలా వినిపిస్తుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించేది. అది 'బథాలా' అనే వాళ్ల పాత దేవుడి పేరు నుంచి వచ్చిందని అంటారు. ఆ పేరుకి మూలం సంస్కృతంలోని 'భట్టార' అంటే మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. వాళ్ల భాషలో గురువుని 'గురో' అంటారు, ముఖాన్ని 'ముఖా' అంటారు, దేవతని 'దివాతా' అంటారు. పాపతో మాట్లాడేటప్పుడు ఈ మాటలు ఆడుకోవడానికి పనికొస్తాయి. చేయగలిగిందంతా చేసి 'ఇక ఆ వెంకన్నే చూసుకోవాలి' అని మీ అమ్మగారు ఎలా అంటారో, మీ అత్తగారు అలా అంటున్నారు.

ఇప్పుడు ఆ ప్రార్థన సంగతి. ఆవిడ పదకొండేళ్లు రియాద్‌లో ఉన్నారన్నారు. సౌదీలో చర్చి లేదు. బయట వేరే మతం ప్రార్థన చేయడం అక్కడ నేరం. నేనున్న కువైట్‌లో చర్చి ఉండేది, సెలవు రోజు శుక్రవారం కాబట్టి ఆదివారం పూజకి వచ్చినట్టు జనం శుక్రవారం వచ్చేవాళ్లు. సౌదీ నుంచి కువైట్‌కి మారిన ఫిలిప్పీన్స్ అమ్మాయిలు మొదటి శుక్రవారం ఆ చర్చి గేటు దగ్గరే నిలబడి ఏడవడం నేను చూశాను. వాళ్లు చెప్పేవాళ్లు, హాస్టల్ గదిలో కిటికీ తెరలు వేసుకుని, గొంతు పైకి రాకుండా ప్రార్థన చేసేవాళ్లమని. జపమాల పూసలు దగ్గర ఉంచుకోవడానికి భయపడి వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాళ్లు. ఒక వేలికి ఒక మంగళవార్త జపం, పది వేళ్లకి ఒక గుత్తి. రోగి మంచం పక్కన నిలబడి, దుప్పటి సర్దుతూ వేళ్లు కదిలించేవాళ్లు. పదకొండేళ్లు అలా బతికిన మనిషి, పొద్దున డ్యూటీ దిగగానే తెరిచి ఉన్న గుడి కనిపిస్తే లోపలికి వెళ్లకుండా ఎలా ఉంటుంది చెప్పండి? నిద్ర తర్వాత పోవచ్చు అనుకుంటుంది.

డిసెంబరులో తొమ్మిది రోజులు జరిగేది సింబాంగ్ గబి. ఫిలిప్పీన్స్‌లో 16 నుంచి 24 దాకా తెల్లవారకముందే పూజ. పొలానికి వెళ్లేవాళ్ల కోసం ఆ వేళ పెట్టారని చెబుతారు. అమెరికాలో చాలా చర్చిల్లో సాయంత్రాలకి మార్చారు. పూజ అయ్యాక బియ్యప్పిండి వంటలు పెడతారు. వాళ్ల 'పుతో' తింటే మన ఇడ్లీ గుర్తొస్తుంది. ఒక్కరోజైనా మీరు పాపని తీసుకుని వెళ్లి రండి. మీ నమ్మకం మారక్కర్లేదు. మా గుణదల మాత తిరనాళ్లకి ఏటా ఫిబ్రవరిలో కొబ్బరికాయలు పట్టుకుని వచ్చే హిందూ ఆడవాళ్లని చూస్తూ పెరిగాను నేను. వాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ రెండు ఫొటోల గురించి మీరు రాసింది చదివి కాసేపు ఆగిపోయాను. అవి 2020వి అయి ఉండొచ్చు. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికా నర్సుల యూనియన్ ఒక లెక్క బయటపెట్టింది. ఆ దేశపు నర్సుల్లో ఫిలిప్పీన్స్ వాళ్లు దాదాపు 4 శాతం. అప్పటిదాకా కోవిడ్‌తో పోయిన నర్సుల్లో వాళ్లు 31.5 శాతం. ఐసీయూల్లో, జనరల్ వార్డుల్లో, రోగి మంచం పక్కన నిలబడే పనుల్లో వాళ్లే ఎక్కువ. రాత్రి డ్యూటీలకీ ఎక్స్‌ట్రా డ్యూటీలకీ కాదనకుండా వెళ్లేదీ వాళ్లే. నేను అప్పటికి రిటైరై ఏడాదైంది. నాతో పనిచేసిన ఇద్దరి పేర్లు ఫోన్‌లో చూశాను. ఒకావిడకి చావు వేళ పక్కన ఎవరూ లేరు. ఆవిడ పాతికేళ్లలో ఎంతమంది పక్కన నిలబడిందో నాకు తెలుసు. శవాన్ని శుభ్రం చేసేటప్పుడు కూడా 'ఇప్పుడు మిమ్మల్ని ఇటు తిప్పుతున్నాను సార్, చెయ్యి చల్లగా ఉంటుంది, క్షమించండి' అని చెప్పి చేసేది. చనిపోయినవాడికి ఎందుకు చెబుతావని ఒక కొత్త పిల్ల అడిగితే, 'ఇంకా వింటున్నాడేమో' అంది. మీ అత్తగారికి ఆస్పత్రి అంటే జీతం ఇచ్చే చోటు మాత్రమే అని మీ ఆయన అనుకుంటున్నట్టున్నారు. ఆవిడకి పనీ ప్రార్థనా వేర్వేరు గదుల్లో లేవు. అందుకే ఒకటి మానమంటే రెండోదాన్నీ లాగేసుకుంటున్నట్టు అనిపిస్తుంది. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ల పేర్లు అడగండి. వాళ్లు పోయిన రోజు తెలుసుకుని, ఆ రోజు ఒక కొవ్వొత్తి మీరే వెలిగించండి.

ఇక మీ ఆయన. ఇది అన్నిటికంటే కష్టమైనది.

ఆయన చెప్పేది నిజం. తల్లి గొప్పదని చెప్పి ఆయన నోరు మూయించకండి. నాలుగైదేళ్ల వయసు నుంచి పదిహేనేళ్ల దాకా తల్లి లేకుండా పెరిగాడు. కాంట్రాక్టు లెక్కన రెండేళ్లకోసారి నెల రోజుల సెలవు వస్తే, పదకొండేళ్లలో మొత్తం కలిపి ఆరు నెలలు కూడా తల్లిని చూసి ఉండడు. అమెరికా వచ్చాకైనా దొరుకుతుందనుకుంటే, ఇక్కడ డబుల్ డ్యూటీలు. ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి కలిసి ఉంటున్న ఇంట్లో కూడా ఆవిడ రాత్రంతా ఉండదు. అది కోపంలా బయటికి వస్తోంది. మీ భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి పిల్లలు మీ క్లాసులోనే ఉండి ఉంటారు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరింట్లోనో పనిచేస్తుంటే అమ్మమ్మ దగ్గర పెరిగినవాళ్లు. వాళ్లలో ఎవరినైనా ఒకసారి గుర్తు చేసుకోండి.

నేనూ నా కూతుర్ని నాలుగేళ్లు మా అమ్మ దగ్గర వదిలి వెళ్లినదాన్ని. దానికి బూట్లు పంపాలంటే కొలత తెలియదు. ఉత్తరంతో పాటు దాని పాదం కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీసి పంపమని అమ్మకి రాసేదాన్ని. ఆ కాగితం పట్టుకుని బజారంతా తిరిగి కొనేదాన్ని. ఊరికి వెళ్లేవాళ్లు దొరికి, ఆ బూట్లు గుంటూరు చేరేసరికి పాదం పెరిగిపోయేది. నాలుగు జతలు పంపాను. ఒక్కటీ సరిపోలేదు. ఫిలిప్పీన్స్ నర్సులు కూడా ఇలాగే పిల్లల పాదాలు గీయించి తెప్పించుకునేవాళ్లు. మా ఆతె బీరువా తలుపు లోపలి వైపు అవన్నీ వరసగా అతికించుకుంది. చిన్న పాదం నుంచి పెద్ద పాదం దాకా. నా కూతురికి ఇప్పుడు నలభై దాటాయి. ఆ నాలుగేళ్ల గురించి ఇప్పటికీ మేం అంతగా మాట్లాడుకోం. కాబట్టి మీ ఆయన ఒక వారంలో మారిపోతారని నేను చెప్పలేను.

ఒక్క విషయం మాత్రం ఆయనకి తెలియాలి. వాళ్లమ్మ వెళ్లిన దారి ఆవిడ ఒక్కతే వేసుకున్నది కాదు. ఆ దారి ఆవిడ పుట్టకముందే వేసి ఉంది. 1898 నుంచి 1946 దాకా ఆ దేశం అమెరికా పాలనలో ఉంది. అమెరికా పద్ధతిలో, ఇంగ్లిషులో నర్సింగ్ నేర్పే మొదటి స్కూలు 1906లో పెట్టింది వాళ్ల ఇలోయిలోలోనే. 1948 నుంచి శిక్షణ పేరుతో నర్సులు అమెరికా రావడం మొదలైంది. 1965లో అమెరికా వలస చట్టం మారాక ఇక్కడే ఉండిపోయే వీలు పెరిగింది. 1974లో మార్కోస్ ప్రభుత్వం మనుషుల్ని విదేశాల్లో పనికి పంపడాన్ని ప్రభుత్వ విధానమే చేసింది. 1988లో అధ్యక్షురాలు కొరజోన్ అక్వినో వీళ్లని కొత్త వీరులన్నారు. ఆ దేశానికి 2023లో ఇలా బయటినుంచి వచ్చిన డబ్బు 3,300 కోట్ల డాలర్లకు పైనే. ఒక దేశం తన బడ్జెట్‌ని తల్లుల మీద పెట్టింది. ఆ తల్లుల పిల్లల్ని మాత్రం అమ్మమ్మలకి వదిలేసింది. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను. మీ ఆయనకున్న కోపంలో సగమైనా వెళ్లాల్సిన చోటు అది. ఆవిడ ఒక్కతే మొత్తం మోస్తోంది.

మాటలు కలవడానికి ఒక పని చెబుతాను. పొద్దున ఏడున్నరకి ఆవిడ డ్యూటీ దిగుతారు కదా, వారానికి ఒక్కరోజు మీ ఆయన్ని కారు తీసుకుని వెళ్లమనండి. పన్నెండు గంటలు మేలుకున్న మనిషి, అదీ 66 ఏళ్ల మనిషి, కారు నడపడం ఎలాగూ ప్రమాదమే. నేను ఒకసారి సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీద తలపెట్టి నిద్రపోయాను. కాబట్టి ఇది సాయంగా మొదలవుతుంది, సయోధ్యగా కాదు. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు కారులో పక్కపక్కన కూర్చుంటే వస్తాయి. చర్చి దగ్గర ఆగాలంటే ఆపమనండి. ఆయన లోపలికి వెళ్లక్కర్లేదు. బయట కారులో ఉంటే చాలు. మొదటి నెల రోజులు ట్రాఫిక్ గురించే మాట్లాడుకుంటారు, పర్లేదు. ఇంటికి వచ్చాక 'వేరే ఇల్లు చూసుకో' అన్న మాటకి ఆయనే ఏదో ఒక రోజు బదులు చెప్పుకుంటారు. మీరు ఆయన తరఫున క్షమాపణ అడగకండి.

పని విషయం త్వరగా చెబుతాను, ఇది లెక్కల వ్యవహారం. ఆవిడ 1959లో పుట్టి ఉంటే సోషల్ సెక్యూరిటీ పూర్తి పెన్షన్ వయసు 66 ఏళ్ల 10 నెలలు. ఆ వయసు దాటాక జీతం తీసుకుంటున్నా పెన్షన్‌లో కోత ఉండదు. ఇంకా ఆగితే 70 ఏళ్ల దాకా ఏడాదికి 8 శాతం చొప్పున పెరుగుతుంది. అంటే 'పని లేదా విశ్రాంతి' అని రెండిట్లో ఒకటి తేల్చుకోవాల్సిన అవసరం లేదు. చాలా ఆస్పత్రుల్లో పర్ డీమ్ అనే పద్ధతి ఉంటుంది. ఫుల్ టైమ్ వదిలి, నెలలో కొన్ని రోజులు మాత్రం చేసే పని అది. మొదట రాత్రి నుంచి పగటికి, తర్వాత మూడు నుంచి రెండుకి, తర్వాత పర్ డీమ్‌కి. మా ఆతె వయసువాళ్లు చాలామంది అలాగే దిగారు, మెట్లు దిగినట్టు. ఫుల్ టైమ్ వదిలితే ఆస్పత్రి ఇన్సూరెన్స్ ఉంటుందో పోతుందో ముందే కనుక్కోండి. పోయేటట్టయితే 8 నెలల్లోపు మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పార్ట్ బి తీసుకోవాలి, ఆలస్యమైతే జీవితాంతం జరిమానా కట్టాలి. ఊరికి వెళ్లి ఉండిపోతానని ఆవిడ అనుకుంటుంటే, పెన్షన్ అక్కడికీ వస్తుంది కానీ మెడికేర్ మామూలుగా అక్కడి ఆస్పత్రులకి పనిచేయదని గుర్తు పెట్టుకోండి. పార్కింగ్‌లో పడిన సంగతి డాక్టర్‌కి చెప్పారా? నర్సులు తమ ఒంటి గురించి చెప్పరు. మీరు దగ్గరుండి తీసుకెళ్లండి.

బాప్టిజం గురించి నేను తీర్పు చెప్పను. అది మీరూ మీ ఆయనా తేల్చుకోవాల్సింది. తేల్చుకున్నాక, అవునన్నా కాదన్నా, ఆవిడతో ఆ మాట మీ ఆయన కాకుండా మీరే చెప్పండి. ఆవిడకి ఇది వేడుక కాదు. మనవరాలికి రక్షణ అని నమ్ముతున్నారు. ఊరికే దాటవేస్తూ పోతే రోజూ భయంతో ఉంటారు. ఇంకా నిర్ణయించుకోలేదంటే అదే చెప్పండి. ఈలోగా పాప లోలాతో, అంటే నానమ్మతో, కలిసి జపమాల చెప్పుకుంటే, మీ అమ్మగారితో వీడియోలో గోవింద నామాలు చెప్పుకుంటే, దానికి వచ్చిన నష్టం నాకేమీ కనిపించలేదు.

ఆ అట్టపెట్టె మీద విసుక్కోకండి. బాలిక్‌బయాన్ బాక్స్ అంటారు దాన్ని, సొంతూరికి తిరిగి వెళ్లేవాళ్ల పెట్టె అని. ఓడలో వెళ్తుంది, నెలా రెండు నెలలు పడుతుంది. తను వెళ్లలేని ఇంటికి తన బదులు వెళ్తుంది. ఈసారి నింపేటప్పుడు మీ ఆయన చేత ఒక్క వస్తువు పెట్టించండి, బడి మానేసిన ఆ మేనమామ కోసం. పెట్టె చేరిన రోజు ఆయనకి వీడియో కాల్ చేసి, అక్క చదువుకోవడానికి వెళ్లిన ఏడాది ఇంట్లో ఏం జరిగిందో చెప్పమనండి. అక్క ఆ కథని కొడుక్కి ఎన్నడూ పూర్తిగా చెప్పి ఉండదు. తమ్ముడు చెబుతాడు.

బాలయేసు పండగ జనవరి మూడో ఆదివారం. 1521లో మాగెలాన్ సెబూ రాణికి ఇచ్చిన విగ్రహం పేరు మీద చేసుకునే పండగ. ఆ రాత్రికి ఆవిడ డ్యూటీ వేసుకోకుండా ఇప్పుడే మాట తీసుకోండి.

పండగకి ఏం ఇవ్వాలని అడుగుతారేమో. అరిగిన బూట్లు అన్నారుగా, కొత్త జత కొనండి. సైజు అడిగితే 'వద్దు' అంటారు. కాబట్టి పాప చేతికి పెన్సిల్ ఇచ్చి, కాగితం మీద లోలా పాదం గీయమనండి. డ్యూటీ దిగి వచ్చిన పొద్దున గీయించండి, ఆ వేళకి పాదాలు వాచి ఉంటాయి, ఆ కొలతకి కొంటేనే నొప్పి పెట్టకుండా ఉంటాయి. మీ ఆయన ఇంట్లో ఉన్న రోజు చూసుకోండి.